వేటగాళ్ళు ఉన్న ఇరవై రెండు రోజులు

నాచు నెల, 3

తలుపు మొదటి గంటకు ఎత్తాను. దిగినవాళ్ళు ఏడుగురు. ఎక్కినవాళ్ళు ఏడుగురు. గొలుసుకు నూనె పెట్టాను.

పై దారిన ఆరు చక్రాల బండిలో వేటగాళ్ళు వచ్చారు. ముగ్గురు. మా మబ్బుగుట్టకు వేటగాళ్ళు రావడం ఇదే మొదలు. మేనేజరమ్మే వాళ్ళను పిలిపించింది. వాళ్ళ సంగతులు కూడా ఈ పుస్తకంలో నన్ను రాయమంది. నకలు తీసి పై అధికారులుండే రేవుకు పంపుతుందట, అది చదివి ఇంకా వేటగాళ్ళు వస్తారట. ఇన్నేళ్ళూ ఇందులో అంకెలే రాశాను. నాకు మాట్లాడటం కంటే రాయడం నయం. చదివింది ఐదో తరగతి. తెలియనివాళ్ళు చదువుతారు కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

పెద్ద వేటగాడు సింగారప్ప. నలభై ఏళ్ళుంటాయి. మెడలో జెర్రి కోరల దండ. మిగతా ఇద్దరూ అతని తమ్ముళ్ళు. అన్న నవ్వితే నవ్వుతారు.

ఊరంతా పై హాల్లో చేరి చూసింది. నేను వెనక నిలబడ్డాను. గోడకున్న పలక మీద ఊరి సంతోషం పొద్దున 52. సాయంత్రానికి 60. మేనేజరమ్మ తల పైకెత్తి ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. అంతకు ముందు ఏడాదంతా అది యాభై చుట్టే తిరుగుతోంది.

నాచు నెల, 4

దిగినవాళ్ళు ఆరుగురు, వేటగాళ్ళు ముగ్గురు. అందరూ ఎక్కారు.

పొద్దున లేవగానే పలక మీద ఎవరి పేరు పక్కన వాళ్ళకు ఆ రోజు పని పడుతుంది. దాని పక్కనే వాళ్ళ సంతోషం. పని మేనేజరమ్మ వేస్తుంది. సంతోషం దానంతట అదే పడుతుంది, ఎట్లా లెక్క వేస్తుందో నాకు తెలియదు. నాది ఎప్పుడూ ముప్పై ఒకటో ముప్పై రెండో. నా పని ఇరవై ఆరేళ్ళుగా ఒకటే. దిగుడు తలుపు.

ఊరి అడుగున గుహలున్నాయి. నీళ్ళూ నాచూ అక్కడినించే వస్తాయి. గుహల్లో జెర్రులుంటాయి. పెద్దది మనిషికి నాలుగింతల పొడవు. దాని చొంగ పడితే తోలైనా ఇనుమైనా కాలుతుంది. అందుకని మెట్ల పైన ఇనుప తలుపు. ఎత్తాలంటే చక్రం తిప్పాలి, అరగంట. దించాలంటే కొక్కెం తీస్తే చాలు.

తలుపు పక్కన చెప్పుల బల్ల ఉంది. దిగేవాళ్ళు చెప్పులు బల్ల మీద పెట్టి రబ్బరు బూట్లు వేసుకుంటారు. ఎక్కాక బూట్లు విప్పి చెప్పులు వేసుకుంటారు. బల్ల మీద ఒక్క జత ఉన్నా తలుపు దించకూడదు. ఇంకొకరి చెప్పులు మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా ముట్టుకోరు.

వేటగాళ్ళు బూట్లతో వచ్చారు, బూట్లతోనే దిగారు. బల్ల మీద ఏమీ పెట్టలేదు. ఏదైనా ఒకటి పెట్టి వెళ్ళమని అడుగుదామనుకున్నాను. రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. మూడోసారికి వాళ్ళు మెట్లు దిగిపోయారు.

నాచు నెల, 6

దిగినవాళ్ళు ఆరుగురు, వేటగాళ్ళు ముగ్గురు.

వేటగాళ్ళు ఒక జెర్రిని చంపి తెచ్చారు. చిన్నదే, మనిషి పొడవు. హాల్లో వేలాడదీశారు. రాత్రి భోజనంలో సింగారప్ప ఆ కథ చెప్పాడు. చేతులు బాగా తిప్పుతాడు. నా ఎదురుగా కూర్చున్న మస్తానమ్మ, వంటామె, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. నాతో అంది, "చూశావా ఎల్లమంద బావా, అతను ఒక్క పూట మాట్లాడినంత నువ్వు పుట్టినకాడినుంచీ మాట్లాడలేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా పోలమ్మ నవ్వలేదు. పోలమ్మ నా కూతురు. ముప్పై ఒక్క ఏళ్ళు. నాచు కోస్తుంది. గుహల సంగతి ఊళ్ళో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మ పోయాక నాకున్నది ఆమే.

గదికి వెళ్ళేటప్పుడు పోలమ్మ చెప్పింది. వాళ్ళు డప్పు కొడుతున్నారట. పెద్ద దీపాలు పట్టుకుని తిరుగుతున్నారట. మేము గుహలోకి అరచేతి దీపంతో వెళ్తాం. గట్టిగా మాట్లాడం. జెర్రి కదిలిన చప్పుడైతే దీపం ఆర్పి గోడకు ఆనుకుని కూర్చుంటాం. దాని దారిన అది పోతుంది. నలభై ఏళ్ళలో మాలో జెర్రి వల్ల పోయింది ఇద్దరే.

"డప్పుకి అడుగున ఉన్నవి కూడా లేస్తాయి నాయనా," అంది. "మేనేజరమ్మకు నువ్వు చెప్పు. నీ మాట వింటుంది. తలుపు మనిషివి కదా."

చెబుతానన్నాను.

నాచు నెల, 8

దిగినవాళ్ళు ఆరుగురు, వేటగాళ్ళు ముగ్గురు.

మేనేజరమ్మ గది ముందుకు వెళ్ళాను. లోపల సింగారప్ప కూర్చుని ఉన్నాడు. తిరిగి వచ్చేశాను.

పోలమ్మ నాచు సగం బుట్టే తెచ్చింది. మూడో గుహలో జెర్రి చొంగ కనబడిందట. అది ఎప్పుడూ ఏడో గుహ దాటి రాదు.

పోలమ్మ చెప్పు పట్టీ తెగింది. గొలుసు కట్టడానికి వాడే నీలం తీగ కొంచెం ఉంటే దానితో బిగించి కట్టాను. ఊళ్ళో చెప్పులన్నీ ఒకటే అచ్చు. తీగ ఉంటే వెంటనే దొరుకుతాయిలే అంది.

నాచు నెల, 9

మేనేజరమ్మే తలుపు దగ్గరకు వచ్చింది. వేట ఎట్లా ఉందని అడిగింది. బాగుందన్నాను. ఇబ్బందేమైనా ఉందా బాబాయ్ అంది. జెర్రులు పైకొస్తున్నాయన్నాను. అదే కదా కావాల్సింది, పైకొస్తేనే కదా చంపేది అంది. ఇంకా చెప్పాల్సింది ఉంది. ఆమె పలక సంగతి ఎత్తింది. ఊరి సంతోషం 66. ఇట్లా వంద రోజులుంటే రేవు నుంచి డాక్టర్ని ఇస్తారట. డాక్టర్ వస్తే మంచిదే. నేను తల ఊపాను.

వెళ్తూ ఒక ఏర్పాటు చేసింది. నాచు కోసేవాళ్ళు ఇక మొదటి గుహలోనే కోయాలి. అది మెట్ల పక్కనే. అక్కడికి జెర్రి రాదు.

నాచు నెల, 11

వేటగాళ్ళు మాత్రమే దిగారు. చిన్న తమ్ముడికి చెయ్యి కాలింది. గాయానికి నాచు పసరు కడతాం. ఊళ్ళో ఉన్నదంతా ఆ చేతికే అయిపోయింది. రేపు వంటశాల పని వేస్తానని మేనేజరమ్మ ముందే అందని పోలమ్మ చెప్పింది. నాకు మనసు నెమ్మదించింది.

నాచు నెల, 12, మధ్యాహ్నం

దిగినవాళ్ళు ముగ్గురు, వేటగాళ్ళే. ఎక్కినవాళ్ళు ముగ్గురు.

తిండికి వెళ్ళాను. వెళ్ళేటప్పటికి బల్ల ఖాళీ. కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిన్నానో లేదో సింగారప్ప కేక వినబడింది. పరుగెత్తాను. ముగ్గురూ తలుపు ఇవతల ఉన్నారు. సింగారప్ప బూట్లు చొంగ పడి పొగలు కక్కుతూ దూరంగా పడి ఉన్నాయి, నేను వచ్చేలోగానే విప్పి విసిరేశాడు. పెద్దది వస్తోందన్నాడు. బల్ల చూశాను. ఖాళీ. అందరూ వచ్చేశారా అన్నాను. వచ్చేశాం, దించు పెద్దాయనా అన్నాడు. కొక్కెం తీశాను. తలుపు పడింది.

కొంతసేపటికి జెర్రి వచ్చి తలుపుకు తగిలింది. గోడ అదిరింది. తలుపు నిలిచింది.

పెద్ద జెర్రి తలుపు దాకా వస్తే మూడు రోజులు ఎత్తకూడదు. అది నియమం. మేనేజరమ్మ వచ్చి చూసి నా వీపు తట్టింది.

అదే రోజు, తరవాత

సాయంత్రం భోజనానికి పోలమ్మ రాలేదు. మస్తానమ్మను అడిగాను. మధ్యాహ్నమే పలక మీద పని మారిందంది. పసరు అయిపోయింది కదా, నాచు కోతకు వేశారంది. నీకు తెలియదా బావా అంది.

తలుపు దగ్గరకు పోయాను. బల్ల ఖాళీగానే ఉంది. అయితే ఎక్కేసి ఉంటుంది, ఏ పక్కనో పడుకుని ఉంటుంది అనుకున్నాను. గది చూశాను. స్నానాల వైపు చూశాను. చివరికి అతిథుల హాలుకు వెళ్ళాను.

సింగారప్ప బల్ల మీద ఒక కాలు పెట్టుకుని కూర్చుని మధ్యాహ్నం కథ చెబుతున్నాడు. చుట్టూ ముప్పై మంది. ఆ కాలికి చెప్పు ఉంది. చెప్పు పట్టీకి నీలం తీగ ఉంది.

అతిథుల హాలు గుమ్మంలో వచ్చినవాళ్ళ కోసం చెప్పులు పెట్టి ఉంచుతాం. ఎవరైనా వేసుకోవచ్చు. తలుపు దగ్గర బల్ల మీదవి కూడా అట్లాంటివే అనుకున్నాడట. బూట్లు కాలిపోయాయి, కింద ఇనుప నేల చల్లగా ఉంటుంది, కనబడిన జత వేసుకున్నాడు. నేను వచ్చేసరికే వేసుకున్నాడు. నేను బల్ల చూశాను గానీ అతని కాళ్ళు చూడలేదు.

ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో పోవడం నాకు చేతకాదు. ఆ కథ అయ్యేదాకా నిలబడ్డాను. తరవాత దగ్గరకు పోయి చెవిలో చెప్పాను.

అతను కాళ్ళకేసి చూసుకున్నాడు. మొహం బూడిదలా అయింది. నవ్వేవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. లేచి నా వెంట వచ్చాడు. తమ్ముళ్ళను రమ్మన్నాడు, వాళ్ళు అన్నా అక్కడ పెద్దది ఉంది అన్నారు. ఈటె తీసుకుని ఒక్కడే వచ్చాడు. మేనేజరమ్మను అడగలేదు. ఇద్దరం చక్రం తిప్పాం. మనిషి పట్టేంత సందు కాగానే దూరిపోయాడు. బూట్లు లేవు. ఆ చెప్పులతోనే దిగాడు.

రెండు గంటలు కూర్చున్నాను. ఏం అనుకున్నానో గుర్తు లేదు.

పోలమ్మను వీపున వేసుకుని ఎక్కాడు. ఎడమ పాదం చొంగకి కాలింది. ప్రాణం ఉంది.

దిగినవాళ్ళు నలుగురు అని పైన దిద్దాలి. దిద్దలేదు.

నాచు నెల, 13

తలుపు మూసి ఉంది.

పోలమ్మ కాలి వేళ్ళు రెండు తీసేశారు. జ్వరం. నేను పక్కన కూర్చున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఎప్పుడు వచ్చావు నాయనా అంది. ఇక్కడే ఉన్నానన్నాను. ఇంకేమైనా అంటానేమో అన్నట్టు చూసింది. నీళ్ళు ఇచ్చాను.

హాల్లో పండగ చేశారు. సింగారప్పకు దండ వేశారు. చెప్పుల సంగతి అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పోలమ్మ ఎందుకు లోపల ఉండిపోయిందని ఎవరూ అడగలేదు. వేటలో అట్లాంటివి జరుగుతాయి అన్నారు. ఊరి సంతోషం 74.

నాచు నెల, 16

తలుపు ఎత్తాను. ఎవరూ దిగలేదు.

సింగారప్ప రోజూ పోలమ్మను చూడటానికి వస్తున్నాడు. నేను లోపలికి వస్తే లేచి వెళ్ళిపోతాడు. ఇవాళ గుమ్మం దగ్గర ఆపాడు.

"పెద్దాయనా, అమ్మాయితో మాట్లాడావా?"

నా నోటి నుంచి జారిందేమోనని భయపడుతున్నాడనుకున్నాను. నేనేమీ చెప్పలేదయ్యా అన్నాను. అతను నా వైపు ఒకలా చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. ఇదీ వీరుడి సంగతి. తన తప్పున కాలి వేళ్ళు పోయిన పిల్ల దగ్గర కూర్చుని పొగడ్తలు వింటాడు. అది రేవుకు వెళ్ళే నకల్లో కూడా ఉండాలి. మేనేజరమ్మ తీసేస్తే తీసేయనీ.

పోలమ్మ పక్కన అంకె 44. ముందు 58 ఉండేది. కాలు నొప్పి వల్ల అనుకుంటాను.

నాచు నెల, 19

దిగినవాళ్ళు ఇద్దరు. ఎక్కినవాళ్ళు ఇద్దరు.

పోలమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది. అంకె 37. రాత్రి భోజనం నా పక్కనే కూర్చుని చేసింది. చాలాసేపు ఉంది. నేను ఆమె కంచంలో పచ్చడి వేశాను. రేపటి తలుపు పని గురించి చెప్పాను. ఆమె వింది.

ఒకవేళ చెప్పుల సంగతి చెబితే, మరి నువ్వు ఆ కాళ్ళు చూడలేదా అంటుంది. అందుకని ఊరుకున్నాను.

నాచు నెల, 22

దిగినవాళ్ళు ఎవరూ లేరు.

పోలమ్మ వేటగాళ్ళతో పోతానంటోంది. వాళ్ళకు దారి చూపించే మనిషి కావాలట. డప్పులు మానేస్తామన్నారట. గుహలో ఎట్లా నడవాలో ఆమె నేర్పుతుందట. మేనేజరమ్మను అడిగింది. మేనేజరమ్మ పలక చూసింది. పోలమ్మ 26. ఇరవై కిందకి పోయినవాళ్ళు ఊళ్ళో ఉంటే పక్కవాళ్ళ అంకెలు కూడా పడిపోతాయట. సరేనంది.

నేను నాకు తెలిసిన కారణాలన్నీ చెప్పాను. కాలు మానలేదు. చలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు. ఆమె అన్నీ వింది. అంతేనా నాయనా అంది. అంతే అన్నాను.

నాచు నెల, 25

తలుపు మొదటి గంటకు ఎత్తాను. ఎవరూ దిగలేదు.

ఇది రేవుకు పంపే నకల్లో వేస్తారో లేదో నాకు తెలియదు. నేను రాస్తున్నాను.

బండి పై వాకిట్లో నిలబడి ఉంది. సామాను ఎక్కిస్తున్నారు. పోలమ్మ గుమ్మం పక్కన మూట మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. ఇంక ఆపడానికి నా దగ్గర మిగిలింది అదొక్కటే.

"ఆ రోజు నీ చెప్పులు వేసుకుంది అతనే," అన్నాను. "బల్ల ఖాళీగా కనబడింది. అందుకే తలుపు దించాను. అతని వెంట పోవద్దు."

పోలమ్మకు ఆశ్చర్యం వేయలేదు.

"తెలుసు నాయనా. గుహలో నన్ను ఎత్తుకోక ముందే చెప్పాడు. కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఊరందరి ముందూ చెబుతానన్నాడు. నేనే వద్దన్నాను. ముందు మా నాయన చెప్పనీ అన్నాను."

ఆమెకు తెలిసి పదమూడు రోజులు. అతను గుమ్మం దగ్గర ఆపి అడిగింది గుర్తొచ్చింది.

"అయితే చెప్పులు కాదు నాకు కావాల్సింది," అంది. "తెలియక వేసుకున్నాడు. నువ్వూ తెలియక దించావు. అది సరే. దించేముందు పిలవలేదేం?"

పన్నెండో తేదీన నేను రాయని సంగతి ఇది. బల్ల ఖాళీగా ఉన్నా సరే, కొక్కెం తీసేముందు మెట్ల దగ్గర నిలబడి మూడు కేకలు వేయాలి. అది మొదటి నియమం. చెప్పుల బల్ల దాని తరవాత వచ్చింది. జెర్రి కదిలితే దీపం ఆర్పి కూర్చున్నవాళ్ళు పై నుంచి కేక వినబడితేనే లేస్తారు. వినబడకపోతే లేవరు. జెర్రి తలుపు దగ్గరకు రావడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. మూడు కాదు, పది కేకలు వేయవచ్చు. నేను వేయలేదు. ఆ రోజే కాదు, కొన్ని ఏళ్ళుగా వేయడం లేదు. బల్ల ఉంది కదా అని.

"మెట్ల కిందే ఉన్నాను," అంది పోలమ్మ. "ముప్పై అడుగులు. వాళ్ళు నా ముందు నుంచే పరుగెత్తారు. నువ్వు వచ్చిన చప్పుడు విన్నాను. అందరూ వచ్చారా అని అడగడం కూడా విన్నాను. ఇంక పిలుస్తావు, పిలవగానే లేద్దామని బూటు బిగించుకుని కూర్చున్నాను."

అబద్ధం చెబుదామంటే ఒక్కటీ తట్టలేదు.

"కొత్తవాళ్ళు ముగ్గురూ నా వైపే చూస్తున్నారు," అన్నాను. "వాళ్ళ ముందు అరవడానికి సిగ్గేసింది."

పోలమ్మ మొహంలో కోపం కనబడలేదు. నా భుజం మీద చెయ్యి వేసింది. దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను. నన్ను ఊతగా పట్టుకుని లేచింది. లేచాక చెయ్యి తీసేసి, కర్ర అందుకుని, కుంటుకుంటూ బండి దగ్గరకు పోయింది. సింగారప్ప చెయ్యి అందించాడు. నా వైపు చూసి తల దించుకున్నాడు.

బండి కదిలింది. ఊరంతా వాకిట్లో నిలబడి పోలమ్మ పేరు పెట్టి కేకలు వేసింది. మస్తానమ్మ అందరికంటే గట్టిగా వేసింది. పోలమ్మ వెనక్కి తిరిగి ఒక్కొక్కళ్ళనూ చూసుకుంటూ నా దాకా వచ్చి ఆగింది.

నేను నోరు తెరిచాను. చుట్టూ చాలామంది ఉన్నారు.